అరిగిన వైపు

సమాధుల అలంకరణ ఆదివారానికి ఇంకా అయిదు రోజులుందనగా, మంగళవారం మధ్యాహ్నం, డెన్వర్ మెడలో కెమెరా వేలాడేసుకుని వాగు మీది చెక్క వంతెన దాటి వచ్చాడు. అతని మేనత్త అర్మిల్డా వరండాలో కూర్చుని ఎండు చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతూ ఉంది. అరవయ్యేడేళ్ళ మనిషి. ఏరడమంతా ఎడమచేత్తోనే, కుడిచెయ్యి పళ్ళేన్ని పట్టుకోవడానికి మాత్రమే.

"అత్తా, ఆ గిటార్ కాస్త బయటికి తీస్తావా? ఫోటో తీసుకుని పోతాను. బడి వదిలేసరికి నేను బస్సు దగ్గర ఉండాలి."

"గుమ్మం ఎక్కకుండానే దిగే మాట. కూర్చో ముందు. కాఫీ ఉంది."

"నీ కాఫీ తాగితే మూడు రోజులు నిద్ర పట్టదు."

"మంచిదేగా. స్టీరింగు మీద కునుకు తీయకుండా ఉంటావు."

డెన్వర్ నవ్వాడు గాని ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తండ్రి ఎస్టిల్‌ను జనవరిలో, గడ్డకట్టిన నేలను గునపాలతో పగలగొట్టి పాతిపెట్టి వచ్చినప్పటినుంచి అతనికి నవ్వు పూర్తిగా రావడం లేదు. ఈ ఆదివారం బంధువులంతా కొండమీద చేరి గడ్డి కోసి, సమాధులకు పువ్వులు పెట్టి, పాటలు పాడి అక్కడే భోజనాలు చేస్తారు. అప్పటికల్లా తండ్రికి నల్లరాయి నిలబెట్టాలన్నది అతని పట్టుదల. రాయి మీద పేరు, తేదీలు ఎక్కాయి. ఇక మిగిలింది గిటార్ బొమ్మ.

అర్మిల్డా లోపలికి వెళ్ళి, మంచం కింద బొంతలో చుట్టి ఉన్న గిటార్‌ను పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. తన పన్నెండో ఏట ఆ కొండసందుల్లో ఇల్లిల్లూ తిరిగి కూరగాయల విత్తనాల పొట్లాలు అమ్మితే, ఆ విత్తనాల కంపెనీవాళ్ళు బహుమానంగా పంపిన గిటార్ అది. కేటలాగులో అన్నిటికన్నా చవకది. ముందు చెక్క మీద గోళ్ళు గీరకుండా అడ్డం పెట్టే పలక లేదు, అంచున పూలపట్టీ లేదు, తల రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది. నల్లరంగు పూసిన తేలిక చెక్క. యాభై అయిదేళ్ళలో ఆ రంగు ఒక్కచోట మాత్రం లేచిపోయింది. గుండ్రటి రంధ్రం పక్కన, ఆకు ఆకారంలో, వేలెడు పొడుగున, పచ్చి చెక్క బయటపడి గోరంత లోతు గుంట పడింది.

ఆ గుంట లావు తీగల వైపున ఉంది. కుడిచేతి వాటం మనిషి గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుంటే అది తీగలకు పైన, గడ్డం వైపు పడుతుంది. అక్కడికి వాయించే వేళ్ళు పోనే పోవు. తిరగేసి, మెడను కుడివైపుకు పెట్టి ఎడమచేత్తో వాయిస్తేనే ఆ గుంట వేళ్ళ కిందికి వస్తుంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే.

డెన్వర్ గిటార్‌ను బొంత మీద నిలబెట్టి కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

"ఈ అరుగుదల కూడా వేస్తాడా, ఆ చెక్కేవాడు?" అర్మిల్డా గింజల పళ్ళెం వైపు చూస్తూ అడిగింది.

"హోబర్ట్ సంగతా? అన్నీ వేస్తాడు. నిరుడు పెర్లీ మామయ్య రాయి మీద బొగ్గు లారీ చెక్కాడు, నంబరు ప్లేటుతో సహా. పగిలిన లైటు కూడా చెక్కాడు. అది చూసి వాళ్ళావిడ, 'బతికున్నన్నాళ్ళూ ఆ లైటు బాగుచేయించవయ్యా అని మొత్తుకున్నాను, ఇప్పుడు ప్రళయందాకా అలాగే ఉంటుంది' అని అక్కడే తిట్టిపోసింది."

అర్మిల్డా నవ్వలేదు. లేచి వచ్చి, గిటార్‌ను వేళ్ళతో కొంచెం పక్కకు జరిపింది. ఏటవాలు ఎండ గుంటలోకి దిగి, చెక్క పీచు పీచుగా కనిపించింది.

"ఇప్పుడు తియ్యి," అంది.

ఎప్పుడో రేడియో స్టేషనువాళ్ళు వేసిన పాటల రికార్డు మీద 'గానం, గిటార్: ఎస్టిల్' అని అచ్చయింది. అచ్చు వేయించినవాడు ఎవరినీ అడగలేదు. చూసి ఎస్టిల్ ఏమీ అనలేదు; చూసి ఆమె కూడా ఏమీ అనలేదు. కూతురు నలుగురిలో ఎడమచెయ్యి వాడితే సిగ్గుపడే తల్లి ఆమెను చిన్నప్పటినుంచీ పొయ్యి వెనకే కూర్చోబెట్టి వాయించనిచ్చింది. స్టేషనులోనూ ఆమె అన్న వీపు వెనక కూర్చునే వాయించింది. తరవాత గనిలో పైకప్పు రాయి పడి ఎస్టిల్ వేళ్ళు రెండు నలిగాయి. అప్పటినుంచి వాయించడం మానేసి గిటార్‌ను చెల్లెలి దగ్గర వదిలేశాడని ఇంటా బయటా చెప్పుకున్నారు. ఆ మాట అడ్డం పెట్టుకుని ముప్పయ్యేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ఆ గుంట ఉన్నది ఉన్నట్టుగా నల్లరాతి మీదికి ఎక్కబోతోంది. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. చదవగలిగినవాడు ఎప్పుడో ఒకడు ఆ కొండ ఎక్కి చదువుకుంటాడు. ఈ ఆశ ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఆదివారం అయ్యాక దీన్ని నేను తీసుకెళ్తానత్తా," కెమెరాకు తొడుగు వేస్తూ అన్నాడు డెన్వర్. "గాజుపెట్టె చేయిస్తున్నాను. నాన్న రికార్డు పక్కన పెడతాను. నీ దగ్గర మంచం కింద చెమ్మకు పాడైపోతుంది. నువ్వు పొద్దుపోక నాలుగు తీగలు మీటుకోవడమేగా, ఇంకోటి కొనిపెడతాను."

"ఆదివారం కానీ."

"కోపమా?"

"చిక్కుడు గింజలు తీసుకుపో. నీ భార్యకు చెప్పు, రాత్రే నానబెట్టమని."

అతను గిటార్‌ను ఆమె చేతికిచ్చాడు, అందరూ ఇచ్చినట్టే, మెడ ఆమె ఎడమవైపుకు వచ్చేలా. ఆమె అలవాటుగా దాన్ని గాలిలోనే తిప్పి పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన తరవాత ఆ గిటార్‌ను ఆమెకు తిప్పి అందించినవాడు ఎస్టిల్ ఒక్కడే.

బుధవారం తీగలు మార్చింది. ప్రతి క్రిస్మస్‌కూ ఎస్టిల్ వంతెన దాటి వచ్చి ఒక తీగల పొట్లం బల్ల మీద పెట్టి, వాన గురించో మంచు గురించో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆ తీగలెందుకో ఒక్కనాడూ చెప్పలేదు. నిరుటి పొట్లం ఇంకా విప్పలేదు. పాత తీగలన్నీ ఒక్కసారి ఊడదీస్తే వాటి కింద ఆనించిన చెక్క బద్ద జారిపోయి, మళ్ళీ దాని చోటు దొరకదు. అందుకని ఒక్కొక్కటే విప్పి, ఒక్కొక్కటే బిగించింది. తుప్పు పట్టిన బిరడాలు తిప్పుతుంటే చిన్నగా మూలిగాయి. అడుగున ఇనుప పట్టీకి తీగ కొక్కెం తగిలించేటప్పుడు రెండుసార్లు జారింది. మూడోసారి పెదవి కొరికి తగిలించింది. ఆరూ బిగించాక ఖాళీ పొట్లాన్ని పారెయ్యబోయి, మడిచి గౌను జేబులో పెట్టుకుంది.

గురువారం సాయంత్రం ఫోను మోగింది.

"అత్తా, పెద్ద గండం తప్పింది!" డెన్వర్ గొంతు చాలా రోజుల తరవాత హుషారుగా ఉంది. "మందుల షాపులో ఫోటోలు కడిగేవాడు నెగెటివ్ తిరగేసి వేశాడట. హోబర్ట్ కనిపెట్టాడు."

"తిరగేసి అంటే?"

"కుడి ఎడమైంది. అరిగిన చోటు ఎడమపక్కన పడిందట. కుడిచేత్తో వాయించేవాళ్ళకు అది కుడిపక్కన ఉండాలట కదా? వాడు స్వయంగా వాయిస్తాడు కాబట్టి పట్టుకున్నాడు. 'మీ నాన్నది ఏ చేతి వాటం?' అని ఫోను చేశాడు. కుడిచెయ్యే, సరిచేసి చెక్కమన్నాను. లేకపోతే నాన్న సమాధి మీద తప్పు శాశ్వతంగా ఉండిపోయేది. నా గుండె ఝల్లుమంది."

అర్మిల్డా ఫోను తీగను వేలికి చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది.

"డెన్వర్..."

"ఏంటత్తా?"

గిటార్ గోడకు ఆనించి ఉంది. కొత్త తీగల మీద కిటికీ వెలుగు సన్నగా పాకుతూ ఉంది.

"చిన్నదానికి దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. నువ్వు చెప్పిన తేనె కషాయమే ఇచ్చాం."

మర్నాడు పొద్దున్నే ఆమె గిటార్‌ను బొంతలో చుట్టి, పాత ట్రక్కులో పక్కసీటు మీద పడుకోబెట్టుకుని పట్నం దారి పట్టింది. ఫోటోలో తప్పు లేదని చెప్పాలి, వస్తువును చూపించాలి. అంతకుమించి ఒక్క మాట చెప్పక్కర్లేదు. దారి పొడుగునా ఆ ఒక్క మాటనే కూర్చుకుంటూ వెళ్ళింది.

హోబర్ట్ కొట్టు పెద్దరోడ్డు పక్కన, మరమ్మతు షెడ్డును ఆనుకుని ఉంది. అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని రాతి మీది పొడిని చిన్న కుంచెతో ఊడుస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతి వేళ్ళకు గోళ్ళు పొడుగ్గా పెంచుకున్నాడు, గిటార్ కోసం.

"రండి రండి, అర్మిల్డమ్మా. సరిగ్గా వేళకు వచ్చారు. ఇప్పుడే అయింది." గుడ్డ కిందికి లాగి నవ్వాడు. "రాత్రి భోజనం కూడా మానేశాను. మా ఆవిడ నాకూ ఒక రాయి చెక్కించేస్తానంది."

ఆమె చూసింది. నున్నటి నలుపు మీద వజ్రపు మొనతో చుక్క చుక్కగా పొడిచి లేపిన తెల్లటి గిటార్. ఆరు తీగలు ఆరు వెంట్రుకల్లా ఉన్నాయి. బిరడాల మీది తుప్పు గరుకు కూడా తెలుస్తోంది. గుంట ఎంత బాగా వచ్చిందంటే, పీచు పీచుగా లేచిన చెక్కలోకి వేలు పెట్టవచ్చనిపించింది. అంతా ఉంది. కుడివైపున ఉంది.

"ఆ గుంటకే రెండు గంటలు పట్టింది," అన్నాడు హోబర్ట్ మెల్లగా. "మనిషి జీవితమంతా అక్కడే ఉంది కదా."

ఆమె బొంత విప్పి గిటార్‌ను రాతి పక్కనే నిలబెట్టింది. గుంట అతనికి ఎదురుగా ఉండేలా జరిపింది.

హోబర్ట్ రాతిని చూశాడు. గిటార్‌ను చూశాడు. దగ్గరికి వచ్చి వంగి, లావు తీగను ఒకసారి గోటితో మీటి ఏ వైపున ఉందో చూసుకున్నాడు. కుంచె బల్ల మీద పెట్టేశాడు.

"అయితే ఫోటో సరిగ్గానే వచ్చింది," అన్నాడు. "దీన్ని ఎవరు వాయించారు?"

ఆమె రాతిపొడి పట్టిన ముక్కాలిపీట మీద కూర్చుంది. గిటార్‌ను ఒళ్ళోకి తీసుకుని తిప్పింది. ఎడమచేతి బొటనవేలు సన్న తీగల మీద, చూపుడువేలు లావు తీగల మీద ఆనించింది. చిటికెన వేలు తనంత తానుగా గుంటలోకి దిగింది. రికార్డులో ఎస్టిల్ గొంతు ఎత్తుకునే ముందు వచ్చే వాద్యాన్ని వాయించింది, అంతవరకే.

హోబర్ట్ గోడకు చేరబడి తన పొడుగాటి గోళ్ళను చూసుకున్నాడు.

"పదేళ్ళప్పుడు ఆ రికార్డు పట్టుకుని కూర్చున్నాను," అన్నాడు. "సన్న తీగ ఎప్పుడూ ముందు పలుకుతుంది, లావుది వెనకాల వస్తుంది. ముప్పయ్యేళ్ళు కుస్తీ పట్టాను. నా వేళ్ళకు రాలేదు. ఎస్టిల్ దగ్గరికి పోయి, ఎలా వాయించావయ్యా అని అడిగితే, 'అదంత తేలికగా వచ్చేది కాదులే' అని పక్కకు తిరిగిపోయాడు. నాకు చెప్పడం ఇష్టంలేక అనుకున్నాను."

ఆమె తీగల మీద అరచెయ్యి ఆనించి మోతను ఆపింది.

"పైపొర అరగదీయిస్తాను," అన్నాడతను. "రాయి మళ్ళీ మెరుగుకు పోవాలి, నెల పడుతుంది. ఆదివారానికి కాదు. తప్పు నాది, ఖర్చు నాదే. డెన్వర్‌కి చెబుతాను."

"ఏమని చెబుతావు?"

"ఉన్నదే చెబుతాను."

అర్మిల్డా రాతి వైపు తిరిగింది. అన్న పేరు అక్షరాల సందుల్లో తెల్లటి పొడి నిలిచి ఉంది. గౌను చేతి అంచుతో ఒక్కొక్క అక్షరమే తుడిచింది. నిన్న ఫోనులో డెన్వర్ గొంతులో వినిపించిన హుషారు ఆమెకు గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న పోయి అయిదు నెలలు కాలేదు.

"రేపు పెట్టేయండి," అంది.

"అర్మిల్డమ్మా, ఇది రాయి. మళ్ళీ మళ్ళీ చేసేది కాదు."

"తెలుసు. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. అననని చెప్పు."

అతను చెప్పలేక చెప్పాడు. ఆమె లేవడానికి చెయ్యి ఆసరా ఇచ్చి, గిటార్ తీసి అందించాడు. అంతా తెలిశాక కూడా మెడ ఆమె ఎడమవైపుకే వచ్చింది. ఆమె తిప్పి పట్టుకుంది.

ఆదివారం కొండమీద ఎండ బాగా కాసింది. కోసిన గడ్డి వాసన, పెట్టెల్లోంచి తీసిన కాగితం పువ్వుల రంగులు, చెట్ల కింద పొడుగాటి బల్లల మీద మొక్కజొన్న రొట్టెలు, కోడికూర, ఎండు ఆపిళ్ళు పొరలుగా పేర్చిన కేకులు. ఎస్టిల్ రాయి కొత్తగా, మిగతావాటికన్నా నల్లగా మెరుస్తోంది. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగి, వంగి, గిటార్‌ను వేలితో తడిమి చూశారు.

"అరుగుదలతో సహా చెక్కాడే! బతికున్నట్టుంది," అంది అర్మిల్డా పెదనాన్న కూతురు లూలా. ఎనభై దాటింది, చెవులు పోయాయి గాని నోరు పోలేదు.

ప్రార్థన అయ్యాక డెన్వర్ ముందుకు వచ్చాడు. బొంతలోంచి గిటార్ తీసి అందరికీ కనిపించేలా ఎత్తాడు.

"ఇది మా నాన్న వేళ్ళకు అరిగిన చెక్క," అన్నాడు. గిటార్‌ను గుంపు చివర నిలబడ్డ హోబర్ట్ వైపు చాపాడు. "హోబర్ట్, నాన్న పాట ఒకటి వాయించు."

హోబర్ట్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఆ పాట నాకు రాదు."

"నువ్వు రాదంటే ఇంకెవరికి వస్తుంది?"

"నాకు రాదు, డెన్వర్," అన్నాడతను, ఎవరి వైపూ చూడకుండా.

గిటార్ గాలిలో అలాగే ఉండిపోయింది. ఎవరో దగ్గారు. డెన్వర్ చెయ్యి మెల్లగా దిగుతూ ఉంటే అర్మిల్డా కుర్చీలోంచి, "ఇటు తే," అంది.

అతను తెచ్చి ఇచ్చాడు. ఆమె తిప్పింది. పుట్టాక మొదటిసారి, నలుగురికీ ఎదురుగా కూర్చుని.

"అయ్యో రాత, తలకిందులుగా పట్టుకుందే!" లూలా మెల్లగా అన్నాననుకుని గట్టిగానే అంది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"అత్త నాన్నకు ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకుంది," డెన్వర్ ఆమెను కాపాడబోతున్నట్టు గబగబా చెప్పాడు. "అద్దంలో చూసినట్టు. అందుకని కుడి ఎడమైపోయింది." అందరూ ఆపేక్షగా నవ్వారు. ఒకరిద్దరు అవునవునని తలలూపారు. గుంపు చివర హోబర్ట్ మాత్రం నేల చూశాడు.

ఆ నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆమె ఆగింది. తరవాత వాయించింది.

వేళ్ళు ముసలివి, రెండుచోట్ల తీగ బుస్సుమంది. కాని సన్నది ముందు పలికింది, లావుది వెనకాల వచ్చింది. పాట ఎత్తుకోవలసిన చోటు వచ్చినప్పుడు ఎవరూ ఎత్తుకోలేదు. ఆమె ఆ గొంతుకు ఎంత చోటు వదలాలో అంత చోటు వదిలి, దాని చుట్టూ వాయించుకుంటూ పోయింది. ఆ ఖాళీలో గాలి తప్ప ఏమీ లేదు. లూలా కళ్ళు తుడుచుకుంది. రెండో చరణానికి ముందు అర్మిల్డా బొటనవేలు ఒక తీగ మీద రవ్వంత ఆలస్యం చేసింది, తడబాటు కాదు, ఊపిరి తీసుకున్నట్టు.

డెన్వర్ తలెత్తాడు. ఆ రికార్డు అతనికి కంఠతా వచ్చు. జనవరినుంచి దాన్ని వినని రోజు లేదు. ఆ ఆలస్యం ఎక్కడ వస్తుందో, ఎంతసేపుంటుందో తెలుసు. అది నాన్న ఊపిరనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

పాట అయింది. జనం మెచ్చుకుంటూ, ముక్కులు చీదుకుంటూ బల్లల వైపు కదిలారు. అర్మిల్డా గిటార్‌ను కుర్చీకి ఆనించి, పక్కనున్న తల్లి సమాధి మీద వాలిపోయిన పువ్వులు సర్దసాగింది. డెన్వర్ భోజనానికి వెళ్ళలేదు. రాతి ముందు గొంతుక్కూర్చుని చెక్కిన గుంటను చూశాడు. లేచి వచ్చి గిటార్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు, ఫోటోల్లో తండ్రి పట్టుకున్నట్టు. కుడిచేతి వేళ్ళను తీగల మీద పెట్టి అరిగిన చోటు కోసం తడిమాడు. కింద నల్లరంగు నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. గుంట పైన, తన గడ్డం కింద ఉంది. వేళ్ళు అక్కడిదాకా వంగలేదు. తరవాత గిటార్‌ను తిప్పాడు. ఎడమచేతి చిటికెన వేలు గుంటలోకి దిగింది.

"అత్తా," అన్నాడు.

ఆమె పువ్వుల దగ్గరనుంచి తల తిప్పలేదు. "మీ నాన్న గొంతు ఈ కొండల్లో ఇంకొకరికి రాలేదురా," అంది. "ఆ గొంతు లేకపోతే నా తీగలు ఎవరూ వినేవాళ్ళు కాదు. అది మాత్రం అబద్ధం కాదు."

"మరి రాయి?"

"ఉండనీ."

"నేనే మార్చమన్నాను. హోబర్ట్ అడిగాడు, నేనే—"

"నీకు తెలిసింది నువ్వు చెప్పావు." ఆమె జేబులోంచి చేతిరుమాలు తీయబోతే ఖాళీ తీగల పొట్లం బయటికి వచ్చింది. దాన్ని మళ్ళీ లోపలికి తోసుకుంది. "పో, వెళ్ళి తిను. కోడికూర అయిపోతుంది."

అతను వెళ్ళలేదు. బొంత దులిపి, గిటార్‌ను అందులో జాగ్రత్తగా చుట్టాడు. తన బండి ఆగి ఉన్న వైపు ఒకసారి చూశాడు. తరవాత ఆమె దగ్గరికి వచ్చి, ఆమె కుర్చీలో కూర్చునేదాకా ఆగి, ఒక క్షణం తటపటాయించి, చేతుల్లోనే దాన్ని అటూ ఇటూ మార్చుకుని, మెడ ఆమె కుడివైపుకు వచ్చేలా ఒళ్ళో పెట్టాడు.